గోట్ బెల్ రిడిమ్ మీద నా కంప్లెయింట్

పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం నేనేం చేశానో వినండి. డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి ఇంటికి వెళ్ళి, ఆయన వేసిన కుర్చీలో కూర్చుని, ఆయన ట్యూన్‌ని ఆయనే దొంగిలించాడని చెప్పి వచ్చాను. ఊరికే నోటిమాటగా కాదు. లాప్‌టాప్ తీసుకెళ్ళి, సాక్ష్యాలతో.

తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కోపం కూడా పోలేదు. ఎవరి మీద అని అడక్కండి, లిస్టు పెద్దది.

మొదట్నించీ చెప్తాను. మేముండేది అమెరికాలో, ట్రాయ్‌లో. మా ఆయన రఘు ఇంజనీరు. నేను కార్ల సాఫ్ట్‌వేర్‌కి టెస్టింగ్ చేస్తాను. అంటే, ఎవరో రాత్రింబవళ్ళు కూర్చుని కట్టినదాంట్లో తప్పు పట్టి, రాసి, పంపడం. పద్దెనిమిదేళ్ళుగా జీతం దానికే ఇస్తున్నారు. ఇంట్లో ఉచితంగా చేస్తాను.

మా అమ్మాయి నిత్యకి పదిహేడేళ్ళు. ఎనిమిదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ఒకరోజు హఠాత్తుగా చాలంది. నేను మూడు నెలలు సాధించాను. తర్వాత ఊరుకున్నాను. ఈ సమ్మర్‌లో మళ్ళీ గదిలోంచి దాని గొంతు వినపడింది. వెనకాల దడదడమని డ్రమ్ము, గోడలు అదిరే బేస్, మధ్యమధ్యలో టింగుమని ఒక గంట. మేక మెడలో కట్టే గంటలాగా.

"ఏంటే అది?" అన్నాను తలుపు దగ్గర నిలబడి.

"డాన్స్‌హాల్ అమ్మా. జమైకా మ్యూజిక్. మిస్టర్ క్లైవ్ దగ్గర రికార్డ్ చేస్తున్నాను."

మిస్టర్ క్లైవ్ అంటే జమైకా నుంచి వచ్చి ఇక్కడ కార్ల ప్లాంటులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన ఆయన. బేస్‌మెంట్‌లో చిన్న స్టూడియో ఉంది. వాలంటీర్లు నడిపే ఒక చిన్న రేడియోలో ఆదివారం సాయంత్రం గంటసేపు షో చేస్తాడు. ఆ షోలో ఇక్కడి పిల్లల పాటలు వేస్తానన్నాడట. నిత్య పాట కూడా.

ఎనిమిది శనివారాలు నేనే డ్రైవ్ చేసి దింపాను. ఎనిమిది శనివారాలూ ఆయన ఇంటి ముందు కార్లోనే కూర్చుని ఆఫీస్ మెయిల్స్ చూసుకున్నాను. పన్నెండు మెట్లు దిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. దిగలేదు.

ఆ మ్యూజిక్ అంతా నిత్యే చేసిందనుకున్నాను. ఎవరూ నాకు అలా చెప్పలేదు. దాని గదిలోంచి వస్తోంది కాబట్టి దానిదే. "మా నిత్య ట్యూన్లు కడుతోంది" అని గుడిలో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, మా అత్తగారికి వీడియో కాల్‌లో చెప్పాను. ఆవిడ "ఆ గంట బావుందే" అంది. మా అత్తగారు ఏదైనా బావుందనడం అదే మొదలు.

ఇక ఆ శనివారం. మాధవి ఇంట్లో మధ్యాహ్నం పాట్‌లక్. మాధవి వరంగల్ అమ్మాయి, నాకు పదిహేనేళ్ళ స్నేహం. వాళ్ళ సంజన, మా నిత్య ఒకే క్లాసు. పిల్లలిద్దరూ స్కూలు వాళ్ళతో కాలేజీలు చూడ్డానికి చికాగో వెళ్ళారు, ఆదివారం రాత్రికి గాని రారు. నేను గుత్తివంకాయ పట్టుకెళ్ళాను.

భోజనాలయ్యాక మాధవి ఫోన్‌ని స్పీకర్‌కి కలిపింది. "మా సంజన పాట వినుండ్రి. వచ్చే ఆదివారం రేడియోల వస్తది."

డ్రమ్ము. బేస్. టింగుమని గంట.

నా చేతిలో పెరుగన్నం ప్లేటు. అలాగే నిలబడిపోయాను. మాటలు వేరు, గొంతు వేరు. కింద నడుస్తున్నది అక్షరాలా మా నిత్య ట్యూన్. రెండు నెలలు గోడ అవతలి నుంచి విన్నదాన్ని, ఆ గంట ఏ దెబ్బ తర్వాత మోగుతుందో నిద్రలో కూడా చెప్పగలను.

మన సంగతి మీకు తెలిసిందే. కొత్త సినిమా పాట పొద్దున రిలీజైతే, మధ్యాహ్నం భోజనాల వేళకి అది ఏ దేశం నుంచి ఎత్తుకొచ్చిన ట్యూనో తేల్చేస్తాం. మా ఇంట్లో ఆ పని మా నాన్న చేసేవాడు, ఇప్పుడు నేను చేస్తాను. పట్టుకున్నాక మనసు కుదుటపడుతుంది. ఈసారి కుదుటపడలేదు. ఒళ్ళు మండిపోయింది.

మాధవిని కిచెన్లోకి పిలిచాను.

"ఈ ట్యూన్ ఎవరిది?"

"మా సంజనదే. నెల సంది తిండి లేదు, నిద్ర లేదు దానికి."

"మాధవీ, ఇది మా నిత్య ట్యూన్."

"ఏందీ?"

"నాకు చెవులున్నాయి. ఎవర్నడిగి తీసుకున్నారు?"

మాధవి గరిట కింద పెట్టింది. "ఉమా, నీకేమన్న పిచ్చా? నా బిడ్డ దొంగనా?"

"దొంగ అనలేదు. తీసుకుంది అన్నాను."

"మరి మీ నిత్యనే మాది కొట్టిందేమో. నా బిడ్డకు చెవులు లేవా?"

హాల్లో అందరూ కిచెన్ వైపు తిరిగారు. రఘు గులాబ్‌జామ్ నోట్లో పెట్టుకోబోతూ ఆగి నా వంక చూశాడు. నేను చెప్పుల దగ్గరికి నడిచాను. గుత్తివంకాయ గిన్నె అక్కడే వదిలేశాను.

కార్లో రఘు అన్నాడు, "ముందు నిత్యని అడుగుదాం."

"దానికి చెప్తే అక్కడ ఏడుస్తూ కూర్చుంటుంది. అది వచ్చేలోపు నేనే తేలుస్తాను."

అయినా ఒకసారి ఫోన్ చేశాను. ఎత్తలేదు. టూర్లో ఉన్నాను, తర్వాత చేస్తానని మెసేజ్ పెట్టింది. పాపం పిల్ల, దాని ట్యూన్ పోయిన సంగతి కూడా దానికి తెలీదు అనుకున్నాను.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టాను. నిత్య పాట దాని గదిలో పాత కంప్యూటర్లో ఉంది. సంజన పాటని మాధవి ఎప్పుడో వాట్సాప్ గ్రూపులో పెట్టింది, నేనే చూడలేదు. రెండూ ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్లో ఎక్కించి ఒకదాని కింద ఒకటి పెట్టాను. గంట మోగిన ప్రతిచోటా ఎర్ర గీత గీశాను. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. స్క్రీన్‌షాట్లు తీశాను. సమస్య ఏమిటి, ఎక్కడ, ఎంత తీవ్రమైనది, అన్నీ ఆఫీసులో రాసినట్టే రాశాను. తీవ్రత: క్రిటికల్. ఆ రేడియో వెబ్‌సైట్లో అడ్రస్ దొరికింది. పంపేశాను.

నలభై నిమిషాల్లో జవాబు వచ్చింది. కాపీరైట్ ఫిర్యాదులను తాము చాలా సీరియస్‌గా తీసుకుంటామని, విషయం తేలేవరకూ వచ్చే ఆదివారం ఆ షో మొత్తం ఆపుతున్నామని.

మా ఆఫీసులో క్రిటికల్ అని రాసినా వారం దాకా ఎవడూ తెరిచి చూడడు. ఇక్కడ నలభై నిమిషాలు. అదే షోలో మా నిత్య పాట కూడా ఉందని నాకు తట్టనే లేదు. ఆ రోజు బాగా నిద్రపట్టింది.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే మెట్ల మీద నా గిన్నె ఉంది. ఖాళీగా. కడిగి, తుడిచి, ఖాళీగా. పదిహేనేళ్ళలో మా మధ్య ఒక్క గిన్నె ఖాళీగా తిరిగి రాలేదు. ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి పంపేది మాధవి. పైన పసుపు కాగితం అంటించి ఉంది. "సంజన పాట మిస్టర్ క్లైవ్ ఇంట్ల రికార్డ్ అయింది. ఆయన్నే అడుగు."

అంటే ఆయనన్నమాట. ఒకే ట్యూన్ ఇద్దరు పిల్లలకిచ్చి, ఇద్దరి తల్లుల మధ్యా చిచ్చు పెట్టింది ఆయన. కారెక్కండి అన్నాను రఘుతో.

మిస్టర్ క్లైవ్ అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. నేనెవరో చెప్పగానే మొహం విప్పారింది. "మిస్ ఉమా," అన్నాడు. "రండి, రండి. ఇన్ని వారాలు కార్లోనే కూర్చున్నారు."

పెళ్ళై ఇరవై ఏళ్ళైనదాన్ని మిస్ అనడం కూడా నాకు కోపమే తెప్పించింది.

బేస్‌మెంట్లో నాలుగు గోడల నిండా రికార్డులు. అల్లం పానకం లాంటిదేదో గ్లాసుల్లో పోసి ఇచ్చాడు. నేను ముట్టుకోలేదు. రఘు తాగాడు. రెండోసారి పోయించుకున్నాడు కూడా.

లాప్‌టాప్ తెరిచి ఎర్ర గీతలు చూపించాను. "ఇది మా నిత్య ట్యూన్. ఇది సంజన పాట. ఎవర్నడిగి ఇచ్చారు? మా అమ్మాయి చిన్నపిల్ల అని, అడిగేవాళ్ళు లేరనీ అనుకున్నారా? నాకు చెవులున్నాయి. మా అమ్మాయి ట్యూన్ ముట్టుకుంటే ఊరుకోను."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్‌ని చాలాసేపు చూశాడు. "చాలా శ్రద్ధగా చేశారు," అన్నాడు. తర్వాత లేచి వెళ్ళి, అరలోంచి ఒక చిన్న రికార్డు తీసి ప్లేయర్ మీద పెట్టాడు.

డ్రమ్ము. బేస్. టింగు. దాని మీద ఒక మగగొంతు, గరుకుగా, రాళ్ళు నూరుతున్నట్టు. "జనరల్ టామరిండ్," అన్నాడు మిస్టర్ క్లైవ్. చింతపండు జనరల్ అని అర్థమై రఘు నవ్వాడు. ఇంటి కప్పు కారుతున్నా బాగు చేయించని ఓనర్ని ఆ జనరల్ తిట్టిపోస్తున్నాడు.

"చూశారా," అన్నాను. "ఇతను కూడా తీసుకున్నాడు."

ఆయన ఇంకో రికార్డు పెట్టాడు. సిస్టర్ పారసోల్ అట. తేనెలాంటి గొంతు. వదిలేసి పోతున్న మొగుడితో, పోతే పో, నీ పాత బూట్లు కూడా పట్టుకుపో అంటోంది. కింద అదే డ్రమ్ము, అదే గంట.

"ఈవిడ కూడానా?"

మూడోది కవలలు, బస్సు కండక్టర్ చిల్లర ఇవ్వలేదని చెరో లైనూ అందుకుని పోట్లాడుతున్నారు. నాలుగోది ఎవరో ముసలాయన, దేవుడి పాట. అదే గంట.

నా కోపం ఒక్కో రికార్డుకీ ఒక్కో మెట్టు ఎక్కింది. "ఇంతమందికి ఇచ్చారా మీరు? మా అమ్మాయి ట్యూన్ ఊరందరికీ పంచిపెట్టారా?"

పక్కకి చూస్తే రఘు కాలితో తాళం వేస్తున్నాడు. నేను చూశానని చూసి ఆపాడు. కాసేపయ్యాక మళ్ళీ మొదలుపెట్టాడు.

మిస్టర్ క్లైవ్ మొదటి రికార్డు నా చేతిలో పెట్టాడు. మధ్యలో కాగితం రంగు వెలిసిపోయింది. సంవత్సరం చూశాను. నిత్య పుట్టడానికి పదిహేనేళ్ళ ముందు. నా పెళ్ళికి కూడా ముందు.

"దీన్ని రిడిమ్ అంటాం మిస్ ఉమా," అన్నాడు. "పేరు గోట్ బెల్ రిడిమ్. కింగ్‌స్టన్‌లో మా అన్నయ్య కట్టాడు. మా పద్ధతి ఇది. ఒకడు డ్రమ్ము, బేస్ కట్టి పెడతాడు. మీద ఎవరైనా వచ్చి వాళ్ళ మాట వాళ్ళు పాడొచ్చు. ఒకే రిడిమ్, పదిమంది. ఎవరూ కాపీ అనరు. ఎవరు బాగా పాడారన్నదే పోటీ. అన్నయ్య ఇది కట్టిన వారం మా ఇంటి ముందు లైన్ కట్టారు అందరూ. జనరల్ ఆ పొద్దునే ఓనర్‌తో పోట్లాడి వచ్చాడు, ఆ కోపంతోనే పాడాడు."

"మరి నిత్య?"

"నిత్య, సంజన, ఇంకా నలుగురు. అందరికీ ఇదే ఇచ్చాను. పిల్లలకి తెలుసు."

కాగితం మీద కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది. కళ్ళజోడు సర్దుకుని చదివాను. బెల్: క్లైవ్.

గంట కొట్టింది ఈయనే.

"మా అన్నయ్య పోయి చాలా ఏళ్ళైంది," అన్నాడు. "ఇది మళ్ళీ రేడియోలో కొత్త గొంతులతో వినాలని నాకు ఆశ. కానీ పొద్దున రేడియో వాళ్ళు ఫోన్ చేశారు. ఎవరో కంప్లెయింట్ పెట్టారట. షో ఆపేశారు. పిల్లలకి ఎలా చెప్పాలో తెలీడం లేదు."

రఘు సీలింగ్ వైపు చూడ్డం మొదలుపెట్టాడు.

లాప్‌టాప్ మూసి, ఆ కంప్లెయింట్ పెట్టింది నేనేనని చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, ఇద్దరం సమానమయ్యేవాళ్ళం. "తల్లి కదా," అని ఊరుకున్నాడు. ఆ మర్యాద చూసి నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో తెలిసింది.

రాత్రికి నిత్య వచ్చింది. బ్యాగు దింపకుండానే నిలబడి విన్నది.

"నువ్వు రేడియోకి ఈమెయిల్ చేశావా? నా షోకి?"

"నీ కోసమే చేశాను."

"ఫస్ట్ నన్ను అడగాలి కదా అమ్మా."

"ఫోన్ ఎత్తలేదు నువ్వు."

"టెక్స్ట్ చేయొచ్చు కదా. వన్ లైన్. ఎయిట్ వీక్స్ చేశాను అమ్మా. సంజన కూడా. నువ్వు ఎవ్రీబడీది ఆపేశావు."

"నువ్వు కట్టిన ట్యూన్ అనుకున్నానే."

"నేను చెప్పానా అలా? ఎప్పుడైనా చెప్పానా?"

చెప్పలేదు. తలుపు వేసుకుంది. గదిలోంచి డ్రమ్ము లేదు, గంట లేదు. రెండు నెలలు సౌండ్ తగ్గించవే అని అరిచినదాన్ని, ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను.

ఆ రాత్రే కంప్లెయింట్ వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. పెట్టినప్పుడు నలభై నిమిషాలు. తీసుకోవడానికి ఫారం నింపాలట. ఫారం నింపాను. ట్యూన్ ఓనరు సంతకం కావాలన్నారు. సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి మిస్టర్ క్లైవ్ ఇంటికి వెళ్ళి, ఆయన ట్యూన్ ఆయనదేనని ఆయనచేత సంతకం పెట్టించుకున్నాను. పెన్ను కూడా నాదే. మంగళవారం ఇంకో కాగితం అడిగారు. షో ఉంటుందో లేదో అప్పుడే చెప్పలేమన్నారు.

ఆ సాయంత్రం గిన్నె పట్టుకుని మాధవి ఇంటికి వెళ్ళాను. గిన్నెలో కొబ్బరి లడ్డూలు.

"లోపలికి రా," అంది, ఇంకా మొహం మాడ్చుకునే. "సారీ గీరీ చెప్పకు, నాకు మస్తు కోపమున్నది. మేం బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఏం చేస్తమే? ఒకటే ఉయ్యాలో. ఎవరి కష్టం వాళ్ళు కట్టి పాడతరు. పోయినేడు నువ్వు గూడ పాడినవ్, మీ మేనేజర్ మీద. అప్పుడు ఎవర్నడిగి తీసుకున్నవ్?"

నేను గిన్నె ముందుకు జరిపాను. లడ్డూ నోట్లో పెట్టుకుని, "పంచదార ఎక్కువేసినవ్," అంది. అంటే కొంత తగ్గిందన్నమాట.

నిత్య తగ్గలేదు. సోమ, మంగళ, బుధ. అన్నం రఘు పెడితే తింది. నాకు జవాబులు "ఓకే", "నో", "ఫైన్". గురువారం సంజన కార్లో మిస్టర్ క్లైవ్ ఇంటికి వెళ్ళింది. వచ్చేసరికి కళ్ళు మెరుస్తున్నాయి. రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

"సండే షో ఉంది," అంది. "వాళ్ళు ఓకే అన్నారు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నీ పాట వేస్తారా? ఇన్నాళ్ళూ గదిలో పాడావే, మంచు మీద, ఆ పాట?"

"అది తీసేశాను. మిస్టర్ క్లైవ్ ఎప్పుడూ చెప్తున్నాడు, వాయిస్ బాగుంది, ఉప్పు లేదు అని. ఈరోజు కొత్తది పాడాను. వన్ టేక్. నీకు తెలుగులో ఈజీగా అర్థమవుతుంది."

రఘు హఠాత్తుగా గిన్నెలు తోమడానికి లేచాడు. మా ఇంట్లో డిష్‌వాషర్ ఉంది.

ఆదివారం సాయంత్రం అయిదింటికి అందరం మాధవి ఇంట్లో కూర్చున్నాం. మొదట జనరల్ టామరిండ్, ఓనర్ని తిడుతూ. తర్వాత సిస్టర్ పారసోల్, బూట్లు. కవలలు. దేవుడి పాట. ఆ తర్వాత ఇక్కడి పిల్లలు ఒక్కొక్కరే. సంజన పాట వచ్చినప్పుడు మాధవి కళ్ళు తుడుచుకుంది. నిజం చెప్పాలంటే నేనూ తుడుచుకున్నాను.

ఆఖరున నిత్య.

డ్రమ్ము. బేస్. టింగు.

"ఈ ట్యూన్ ఎవరిది?" అని మొదలుపెట్టింది. తెలుగులో. "ఎవర్నడిగి తీసుకున్నారు?" టింగు. "నాకు చెవులున్నాయి." టింగు. "మా అమ్మాయి ట్యూన్ ముట్టుకుంటే ఊరుకోను." ఆ "ఊరుకోను" దగ్గర ఎనిమిదేళ్ళ కర్ణాటక సంగీతం బయటికి తీసి, గమకాలు వేసి మరీ సాగదీసింది. రెండో చరణంలో ఎర్ర గీతలు, క్రిటికల్, నలభై నిమిషాలు, పెరుగన్నం ప్లేటు, అన్నీ ఉన్నాయి. పెరుగన్నం సంగతి దానికెవరు చెప్పారు? బేస్‌మెంట్లో నేనన్న మాటలు ఎవరు చెప్పారు? ఇల్లంతా వెతికితే రఘు బాత్రూమ్‌లో ఉన్నాడు. అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది మా ఆయనే.

"మస్తుగున్నదే," అంది మాధవి పొట్ట పట్టుకుని. "నువ్వు మాట్లాడుతున్నట్టే ఉన్నది."

నాకూ అలాగే ఉంది. ఒప్పుకోవడానికి నామోషీగా ఉంది గాని, అన్నిటిలోకీ అదే బావుంది. ఆ కోపం చూసి జనరల్ కూడా టోపీ తీస్తాడు.

పాట అయ్యాక మిస్టర్ క్లైవ్ గొంతు వినపడింది. "గోట్ బెల్ రిడిమ్ మీద కొత్త గొంతు, నిత్య. మాటలు కూడా నిత్యవే."

కాదు. అందులో ఒక్క మాట దానిది కాదు. మొదటి లైను నుంచి ఆఖరి లైను దాకా నావి, నా నోట్లోంచి వచ్చినవి. నన్నడక్కుండా తీసుకుంది. ఈసారి నిజంగానే దొంగతనం జరిగింది, సాక్షులు కూడా ఉన్నారు. కంప్లెయింట్ పెట్టడానికే నాకు మొహం లేదు.